నోటిమాటే మీట

*చేతులు ఖాళీ లేని పనుల కోసం, మాట వినగానే తనంతట తానే తెరుచుకునే వాకీటాకీ. నల్లమల అంచున అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, ఇంట్లో ఎలా కట్టుకోవాలి?*

ఎండలు ముదిరాక తర్లుపాడు, కొనకనమిట్ల, పెద్దారవీడు వైపు పొలాల్లో తరచూ కనపడే పని ఒకటుంది. బోరులోంచి మోటారు పైకి తీయడం, బాగుచేయించి మళ్లీ దించడం. బోరు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెడతారు. చైన్ పుల్లీకి పైపు వేలాడుతుంటుంది. ఒకరు పైపు పట్టుకుంటే ఇంకొకరు క్లాంపు బిగిస్తారు, మరొకరు కేబులుకు టేపు చుడతారు. ఆరు చేతులూ పనిలోనే ఉంటాయి. స్టార్టరు మాత్రం ఎక్కడో గట్టు అవతల, రేకు పెట్టెలో ఉంటుంది. దించడం అయ్యాక మోటారు ఒకసారి వేసి చూడాలి. త్రీఫేజు మోటారు తిరగాల్సిన వైపు తిరక్కపోతే నీళ్లు సన్నగా వస్తాయి. అప్పుడు ఆపి, రెండు వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ వెయ్యాలి. ఈ తతంగమంతా కేకల మీదే నడుస్తుంది. "వెయ్ రా అబ్బాయ్!" "ఆపు, ఆపు!" గాలి ఎదురు తిరిగితే మధ్యలో ఒక పిల్లాణ్ని నిలబెట్టి కేక అందించుకుంటారు.

ఫోన్ ఉందిగా అనొచ్చు. సిగ్నల్ ఉన్నచోట, చెవిలో బ్లూటూత్ పెట్టుకుని కాల్ కలిపి ఉంచేస్తే నిజంగానే సరిపోతుంది. అక్కడ వాకీటాకీ కట్టుకోవడం సరదాకే. కానీ దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినా, గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు మళ్లినా ఫోన్లు మూగబోయే చోట్లు చాలానే తగులుతాయి. అర్ధవీడు, యర్రగొండపాలెం మండలాల్లో కొండకు ఆనుకున్న పొలాల సంగతీ అంతే. అక్కడ పనికొచ్చేది, మధ్యలో ఏ టవరూ అక్కర్లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట చేర్చే పరికరం. మామూలు వాకీటాకీకి ఉన్న చిక్కల్లా ఆ పక్కనున్న బటన్. అది నొక్కి పట్టుకుంటేనే మాట వెళ్తుంది, వదిలితేనే అవతలి మాట వినపడుతుంది. గ్రీజు చేతులతో పైపు పట్టుకున్నవాడు దాన్ని దేనితో నొక్కాలి?

చేతులు ఖాళీ లేక గొంతు మీదే ఆధారపడే పని నల్లమలలో బోర్ల కంటే ఎంతో పాతది. చెంచులు కొండచరియకు పట్టిన తేనె తీసేటప్పుడు ఒకడు తాడు పట్టుకుని పట్టు దగ్గరికి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిదే అయ్యుండాలని వాళ్లలో ఆనవాయితీగా చెప్పుకుంటారు. చెల్లెలో అక్కో విధవ కాకూడదని కోరుకునేవాడు తాడు వదలడు కదా! ఎలక్ట్రానిక్స్ ఊసే లేని రోజుల్లో భద్రతకు అంత పక్కా ఏర్పాటు ఇంకొకటి ఉందనుకోను.

బటన్ నొక్కే సర్క్యూటు

మాట వినపడగానే బటన్ తానే నొక్కి, మాట ఆగగానే వదిలేసే సర్క్యూటును వాక్స్ అంటారు. రేడియోవాళ్లకు ఇది కొత్త సరుకు కాదు. మొదట్లో మాత్రం, 1940 ప్రాంతంలో అమెరికా సైన్యం కోసం తయారైన చేతి సెట్టుకూ, తర్వాత సైనికులు వీపున మోసిన పదిహేను పదహారు కిలోల సెట్టుకూ నొక్కే బటనే ఆధారం. ఆ రెండింటినీ తయారుచేసిన గాల్విన్ కంపెనీయే తర్వాత మోటరోలా అయింది. రెండు చేతులకూ పని ఉండే విమానాల్లో, అంతరిక్ష నౌకల్లో వాక్స్‌కు గిరాకీ వచ్చింది. 1969 జులైలో చంద్రుడి మీద నడిచినవాళ్లు కూడా వాక్స్‌లోనే మాట్లాడారు. అక్కడా అది మొరాయించింది. మీ మాటల చివర్లు తెగిపోతున్నాయి, మైకు కాస్త దగ్గరగా పెట్టుకుని మాట్లాడండని హ్యూస్టన్ నుంచి వాళ్లలో ఒకరైన ఆల్డ్రిన్‌కు చెప్పాల్సి వచ్చింది. అంత ఖర్చు పెట్టిన నాసాకే మాట చివర తెగిందంటే, మన వంద రూపాయల సర్క్యూటుకు మొదటి రోజే తెగితే దిగులు పడక్కర్లేదు.

ఎందుకంటే ఈ పరికరంలో కష్టమైంది రేడియో కాదు. రేడియో భాగం రెడీమేడ్‌గా దొరుకుతుంది. మనిషి ఎప్పుడు మాట్లాడుతున్నాడో, ఎప్పుడు ఆపేశాడో యంత్రానికి తెలియజేయడమే అసలు పని. దగ్గు, గాలి, పక్కనే మొరిగే కుక్క, ట్రాక్టరు... సర్క్యూటుకు అన్నీ శబ్దాలే.

ముందు చట్టం సంగతి

మన దేశంలో ఇష్టమొచ్చిన ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేయడం నేరం. పోలీసులు, అటవీ శాఖ, రైల్వే వాడే చానళ్లకు దగ్గరగా కూడా పోకూడదు. గుంటూరు–నంద్యాల లైనులో లోకో పైలట్, గార్డు మాట్లాడుకునేది వాకీటాకీల మీదే. అందులో అల్లరిచిల్లర శబ్దం దూరితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే చవక సెట్లు చాలా వరకు ఈ చానళ్లన్నిటినీ తాకగలవు. అందుకే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో, లైసెన్సు కావాలో అక్కర్లేదో, టెలికాం శాఖ ఆమోదం ఉందో లేదో అమ్మేవాడే చెప్పి తీరాలి.

లైసెన్సు అక్కర్లేని దారుల్లో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సన్నని పట్టీ. 2018 నిబంధనలు తక్కువ శక్తి సెట్లకు దీన్ని వదిలాయి. రెండోది, వైఫై, బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్. ఇంతకు మించి కావాలంటే పరీక్ష రాసి హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. తెలుగునాట ఈ విద్యకు పెద్ద దిక్కు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 1983 నుంచీ నడుస్తోంది. 2004 డిసెంబరులో ఈ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన హామ్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన దీవుల నుంచి క్షేమ సమాచారాలు బయటి ప్రపంచానికి చేర్చినవాళ్లలో ఆ బృందాన్ని నడిపించిన భారతీ ప్రసాద్, ఆమె తోటివాళ్లు ముందున్నారు. వాళ్లు వెళ్లింది మాత్రం దూరదేశాల హామ్‌లతో కబుర్లాడుకోవడానికే. సరదా విద్య అక్కరకొచ్చిన తీరు అది.

ఎనిమిది కాళ్ల చిప్పుతో

మొదటి రకం సెట్టు కట్టడానికి సోల్డరింగ్ ఐరన్ పట్టడం వస్తే చాలు. ఆమోదం ఉన్న 446 సెట్లు జత కొనండి. వాటి లోపల చెయ్యి పెట్టకూడదు. పక్కన హెడ్‌సెట్ గుచ్చే సాకెట్ ఉంటుంది కదా, మన సర్క్యూటు దాని బయటే బతుకుతుంది. కొన్ని సెట్లలో వాక్స్ ముందే ఉంటుంది. మెనూలో రెండు మూడు మెట్ల సున్నితత్వం మాత్రమే ఇస్తారు. మాట ఆగాక ఎంతసేపు ఆగాలో మార్చుకోవడం చాలా వాటిలో కుదరదు. మన బాధంతా అక్కడే కనుక సొంతంగా కట్టుకోవడం దండగ కాదు.

సామాను చిన్నదే. ఒక ఎలక్ట్రెట్ మైకు, ఒక ఎల్‌ఎం358 చిప్పు, రెండు 1ఎన్4148 డయోడ్లు, ఒక పీసీ817 ఆప్టోకప్లర్, చిల్లర రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరు). రేడియో, టీవీ రిపేరు చేసే పాత దుకాణాల్లో ఇందులో సగం దొరుకుతాయి. మిగతావి హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోవచ్చు. ఎల్‌ఎం358కి కాళ్లు ఎనిమిదే అయినా లోపల రెండు ఆంప్లిఫయర్లున్నాయి. మొదటిదాన్ని మైకు మాటను వంద రెట్లు పెంచడానికి పెట్టండి. మైకు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. వంద రెట్లయితే గానీ డయోడు దాటే బలం రాదు. మైకుకూ ఆంప్లిఫయరుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఇన్‌పుట్ వైపు 4.7 కిలో ఓములు పెడితే సుమారు 340 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దం పలచబడుతుంది. గాలి మైకుకు కొట్టే బుస, డీజిల్ ఇంజను గుడగుడ ఎక్కువగా ఆ కిందే ఉంటాయి. మాటలోని స్పష్టత దానికి పైన ఉంటుంది.

పెరిగిన మాట రెండు డయోడ్ల మీదుగా 10 మైక్రోఫారడ్ కెపాసిటరును నింపుతుంది. ఆ కెపాసిటరులో ఎంత వోల్టేజీ నిలిచిందో రెండో ఆంప్లిఫయరు చూస్తుంది. ప్రీసెట్‌తో మనం పెట్టిన గీత దాటితే ఆప్టోకప్లర్ వెలుగుతుంది, సెట్టు బటన్ నొక్కినట్టే అవుతుంది. ఆప్టోకప్లర్ ఎందుకంటే, లోపల వెలుగుతోనే కబురు చేరుతుంది కాబట్టి మన సర్క్యూటు కరెంటు, సెట్టు కరెంటు కలవవు. ప్రసారమయ్యేటప్పుడు వచ్చే గోల వెనక్కి దూరి సర్క్యూటును పిచ్చెక్కించడం తగ్గుతుంది. అయినా మైకు వైరు పొడవుగా వదలొద్దు, తొడుగున్న వైరే వాడాలి.

ఇక అసలు కీలకం, మాట ఆగాక కెపాసిటరు ఖాళీ కావడం. దానికి అడ్డంగా పెట్టిన రెసిస్టరే ఆ కాలాన్ని నిర్ణయిస్తుంది. 100 కిలో ఓములు పెడితే సెకను అటూ ఇటూ. తక్కువైతే మాటకూ మాటకూ మధ్యే సెట్టు పడిపోతుంది. ఎక్కువైతే మీరు ఆపేసినా సెట్టు పంపిస్తూనే ఉంటుంది, అవతలివాడి జవాబు వినపడదు. పుస్తకాల్లో అర సెకను చాలంటారు. తెలుగుకు కొంచెం ఎక్కువ పెట్టుకోవాలని నా పట్టు. "వద్దు" అని నెమ్మదిగా అని చూడండి. "వ" తర్వాత నాలుక పళ్లకు ఆని, గొంతు దాదాపు మూగబోయి, తర్వాత "ద్దు" విడుదలవుతుంది. "వెయ్యొద్దు", "తిప్పొద్దు", "ఎత్తొద్దు" అన్నీ ఇంతే. పైగా మనం వద్దనే ముక్కను చివర్లో చెబుతాం. ఆ చిన్న మౌనంలో సెట్టు పడిపోయి "వెయ్యొ..." వరకే చేరితే, అవతలివాడు దాన్ని "వెయ్యి" అనుకుంటే? మనిషి చెయ్యి పుల్లీలో ఉన్నప్పుడు ఇది వ్యాకరణం గొడవ కాదు. గీతను ఒక్కసారి దాటాక సెకనున్నర దాకా వదలకుండా పెట్టండి. జవాబు కోసం ఆగడం అలవాటవుతుంది.

మొదటి అక్షరం తెగడం ఇంకో తలనొప్పి. సర్క్యూటు మేలుకుని, సెట్టు ప్రసారం మొదలుపెట్టేలోపు మాట తల పోతుంది. "ఆపు" అంటే "పు" చేరుతుంది. దీనికి మందు సర్క్యూటులో కంటే మన నోట్లోనే ఉంది. ఈ వైపు మనుషులు అసలు మాటకు ముందు పిలవకుండా ఉండరు. "అన్నా, ఆపు." "ఏమబ్బాయ్, వెయ్యి." ఆ పిలుపే బలైపోతుంది, అసలు మాట భద్రంగా వెళ్తుంది. సెట్టు చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్కటీ చెప్పి ఇవ్వండి.

తెగిన అక్షరాన్ని వెనక్కి తెచ్చే రకం

పిలుపును బలివ్వడం నచ్చనివాళ్లకు రెండో రకం ఉంది. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, ఐఎన్‌ఎంపీ441 డిజిటల్ మైకు, మ్యాక్స్98357ఏ స్పీకరు ఆంప్లిఫయరు, ఒక లిథియం సెల్లు, దాని చార్జరు ముక్క. ఈఎస్‌పీ32 రెండు బోర్డుల మధ్య రూటరు లేకుండా నేరుగా చిన్న చిన్న పొట్లాలు పంపుకోగలదు. ఒక్కో పొట్లాన్ని 250 బైట్ల లోపే ఉంచుదాం. మాటను సెకనుకు 8,000 నమూనాలుగా, నమూనాకు ఒక బైటు చొప్పున కోస్తే, 240 బైట్ల పొట్లం 30 మిల్లీసెకన్ల మాటను మోస్తుంది. అంటే సెకనుకు ముప్పై మూడు పొట్లాలు పైచిలుకు. టెలిఫోను గొంతంత స్పష్టత వస్తుంది, పాటలకు పనికిరాదు.

దీంట్లో అందం మెమరీలో ఉంది. మైకు ఎప్పుడూ వింటూనే ఉంటుంది. చివరి 200 మిల్లీసెకన్ల మాటను, అంటే 1,600 బైట్లను, బోర్డు ఒక గుండ్రటి వరుసలో రాసుకుంటూ, పాతది చెరిపేస్తూ పోతుంది. గీత దాటిన క్షణంలో ఇప్పటి మాట కాకుండా, అయిదో వంతు సెకను కిందటి మాట నుంచి పంపడం మొదలుపెడుతుంది. "ఆపు"లో "ఆ" కూడా చేరుతుంది. అవతల వినేవాడికి అంత ఆలస్యంగా వినిపిస్తుందంతే. వాక్స్ పుట్టినప్పటి నుంచీ వేధించిన జబ్బుకు ఇంత చవక మందు దొరికిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడుల్లో పిల్లలు మోటారు కార్లు, లైట్లు చేసి ఆగిపోతున్నారు. ఈ ఒక్క కిటుకు వాళ్ల చేత రాయిస్తే మెమరీ అంటే ఏమిటో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది.

దూరం మాత్రం తక్కువ. ఎదురెదురుగా కనపడే మైదానంలో ఒకటి రెండు వందల మీటర్లు నమ్మకంగా వస్తుంది. చెట్లు, గోడలు అడ్డొస్తే తగ్గుతుంది. 446 సెట్టు దీనికంటే చాలా దూరం పోతుంది గానీ కొండ అడ్డొస్తే అదీ చేతులెత్తేస్తుంది. రాయి రేడియోను మింగుతుంది. దోర్నాల దగ్గర వెలిగొండ ప్రాజెక్టు కోసం తవ్విన జంట సొరంగాలు ఒక్కోటీ పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. అలాంటి చోట్ల మాట చేరాలంటే పొడవునా సిగ్నల్ కార్చే కేబులు పరవాలి, చేతి సెట్లతో అయ్యేది కాదు.

పలకల రంపం ముందు

మార్కాపురంలో ఈ సెట్టుకు గట్టి పరీక్ష పలకల ఫ్యాక్టరీలో. ఒకప్పుడు రాష్ట్రమంతా అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివే. బడుల్లో పలక పోయాక ఇప్పుడదే రాయి గోడలకూ నేలకూ టైల్స్‌గా కోతపడుతోంది. రంపం తిరుగుతుంటే పక్కవాడి మాట చెవిలో అరిచినా అర్థం కాదు. మూతికి దుమ్ముకు అడ్డంగా గుడ్డో మాస్కో ఉంటుంది, పెదాల కదలికా కనపడదు. చేతులు రాయి మీద.

ఇక్కడ సున్నితత్వం పెంచితే రంపమే మాట్లాడుతుంది, తగ్గిస్తే మనిషి వినపడడు. ప్రీసెట్ తిప్పి లాభం లేదు, మైకు జరపాలి. మీటరు దూరంలో ఉన్న మైకును పెదవికి 5 సెంటీమీటర్లకు తెస్తే అందులో పడే మాట ఒత్తిడి ఇరవై రెట్లవుతుంది. రంపం శబ్దం ఎక్కడున్నదక్కడే ఉంటుంది. అంతకంటే మంచిది గొంతు మైకు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ ట్యాంకుల్లో వాడిన పాత ఉపాయం. మెడకు పట్టీ కట్టి, కంఠం అదిరితే ఆ అదురును పట్టుకునే బిళ్ల పెడతారు. గాలిలోని శబ్దం దానికి అంతగా ఎక్కదు. "స", "శ" లాంటి అక్షరాలు మొద్దుగా వస్తాయి, కానీ వాక్స్ తెరవడానికి అదురు చాలు కదా. గొంతు బిళ్లతో తెరిచి, మాస్కు లోపలి మైకుతో మాట పంపడం నాకు తెలిసినంతలో ఈ పనికి సరైన కూర్పు. ఈఎస్‌పీ32 వాడేవాళ్లు ఇంకో పని చేయొచ్చు. నాలుగైదు సెకన్ల సగటు రొదను కొలుస్తూ గీతను దాని మీదికి జరుపుతూ ఉండమని ప్రోగ్రాము రాస్తే, రంపం ఆగినప్పుడూ తిరిగినప్పుడూ ప్రీసెట్ కోసం స్క్రూడ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు.

ఎక్కడ వద్దు

ముచ్చటపడి అన్నిచోట్లా దీన్ని తగిలించాలనుకుంటారు. మార్కాపురం చెన్నకేశవస్వామి తేరు రోజున వాలంటీర్లకు వాక్స్ సెట్లు ఇవ్వండి చూద్దాం. మేళాలు, గోవింద నామాలు, మైకుల రొదకు ఒక్క సెట్టు తెరుచుకుని మూసుకోకపోతే చాలు, ఆ చానల్ మీద ఇంకెవరి మాటా పోదు. జనంలో తప్పిపోయిన పిల్ల కబురు కూడా. అక్కడ బటనే కావాలి. వాక్స్ తప్పదంటే ముప్పై సెకన్లకు మించి తెరిచి ఉంటే బలవంతంగా మూసేసే టైమరు పెట్టాల్సిందే.

అడవిలోనూ అంతే. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లు గంటల తరబడి చప్పుడు చేయకుండా నడుస్తారు. వేటగాళ్లు దగ్గర్లో ఉన్నారని గుసగుసలాడితే వాక్స్‌కు వినపడదు, ఎండుపుల్ల విరిగితే, ఆయాసం వస్తే మాత్రం తెరుచుకుని అవతలి సెట్టులో గరగరమంటుంది. ఎప్పుడు మాట్లాడాలో మనిషే నిర్ణయించాల్సిన చోట ఆ పని యంత్రానికి అప్పగించకూడదు. ఈ పరికరం ఇద్దరు మనుషులకు, ఒక్క పనికి, ఒక్క పూటకు. బోరు, పలక, టవరెక్కి వైర్లు లాగడం, టెంటు హౌసు స్తంభాలు నిలబెట్టడం, ఊళ్లో కేబులు లాగడం.

మోటారు పనికి వాడేవాళ్లకు ఇంకో మాట. స్టార్టరు దగ్గరున్నవాడు విన్న వెంటనే మీట నొక్కకూడదు. "వేస్తున్నా" అని తిరిగి చెప్పి, అవతలి నుంచి "వెయ్యి" అని రెండోసారి వినపడ్డాకే నొక్కాలి. రైల్వేవాళ్లు చెప్పిన మాటను తిరిగి చెప్పించుకునేది ఇందుకే. "ఆపు" అంటే మాత్రం తిరిగి అడగకుండా ఆపేయాలి. ఏం వినపడిందో సరిగా అర్థం కాకపోయినా ఆపేయాలి. పైపుల మీద చేతులున్నంతసేపు ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి బోరు దగ్గరున్నవాడి జేబులో ఉండాలి. సెట్టు ఎంత బాగా పనిచేస్తున్నా సరే, ఆయన స్వయంగా పంపిస్తే తప్ప అవి స్టార్టరు దాకా పోకూడదు.